పండగ భోజనం స్టార్ హోటల్లో అయితే…

ఉగాదికి ఇంటిల్లిపాదీ బయట భోంచేద్దామనుకుంటున్న పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఫైవ్ స్టార్ హోటల్లో ఉగాది బఫే ఒక్కొక్కరికి రూ.2,200 అని ప్రకటన చూశాం. నలుగురు పెద్దలం, ఎనిమిదేళ్ల పాప. మొత్తం ఎంతవుతుంది? సర్వీసు ఛార్జీ వద్దనొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ ధర పక్కన ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే పన్నులు విడిగా పడతాయి. స్టార్ హోటళ్లలో ధర చాలావరకు ఇలాగే రాస్తారు. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో భోజనం మీద జీఎస్టీ 18 శాతం. హోటల్‌తో సంబంధం లేకుండా విడిగా నడిచే రెస్టారెంటు అయితే, ఎంత ఖరీదైనదైనా, 5 శాతమే. రెండుచోట్లా రూ.2,200 అనే రాసి ఉన్నా చేతిలోంచి పోయే డబ్బు ఒకటి కాదు.

మీ లెక్క చూద్దాం. పెద్దలకు రూ.8,800. ఐదారేళ్లలోపు పిల్లలకు ఉచితం, పన్నెండేళ్ల వరకు సగం ధర అన్నది చాలాచోట్ల ఉన్న పద్ధతి. కానీ వయసు హద్దు హోటల్‌ను బట్టి మారుతుంది, అడిగి తెలుసుకోండి. పాపకు సగమైతే రూ.1,100. మొత్తం రూ.9,900. దాని మీద 18 శాతం రూ.1,782 కలిపితే రూ.11,682. విడి రెస్టారెంటులో ఇదే భోజనం రూ.10,395కి అవుతుంది.

ఇక సర్వీసు ఛార్జీ. నిస్సంకోచంగా వద్దనండి. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదు, మరో పేరు పెట్టి తీసుకోకూడదు, ఇవ్వనన్నవాళ్లను లోపలికి రానివ్వకుండా ఆపకూడదు. వాటిని 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. మీ బిల్లులో 10 శాతం చొప్పున కలిపితే రూ.990, దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే మరో రూ.178. దాదాపు రూ.1,170 అదనం. డబ్బు కట్టకముందే వడ్డించేవాళ్ల పెద్ద అయిన కెప్టెన్‌ను పిలిచి, తీసేసి కొత్త బిల్లు ఇవ్వమని అడగండి. కట్టాక అడిగితే పని సాగదు. కాదంటే బిల్లు దాచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. పండగ పూట టేబుల్ దగ్గర గొడవ అక్కర్లేదు. బాగా చూసుకున్న కుర్రాడికి టిప్పు ఇవ్వాలనిపిస్తే చేతికే ఇవ్వండి.

బుకింగ్‌కు అడ్వాన్సు అడిగితే, రాలేకపోతే అది తిరిగి ఇస్తారా లేదా అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి.

ప్రశ్న: మా అత్తగారు శాకాహారి, పండగనాడు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. వెళ్లాక చెబితే చేసిపెట్టరా?
– ఒక కోడలు, కరీంనగర్

జవాబు: వెళ్లాక చెబితే చాలా కూరలు చేయలేరు. అది నిర్లక్ష్యం వల్ల కాదు, వంటగది పద్ధతే అంత. పెద్ద రెస్టారెంట్లలో ఉల్లి టమాటా గ్రేవీ, మఖనీ గ్రేవీ, జీడిపప్పు ఉల్లిపాయ ఉడికించి రుబ్బిన తెల్ల గ్రేవీ పొద్దున్నే పెద్ద గిన్నెల్లో చేసి ఉంచుతారు. ఆర్డరు వచ్చాక అందులో పనీరో, కూరగాయలో వేసి వేడిచేస్తారు. 'ఉల్లి వేయకండి' అంటే పైన చల్లే ముక్కలు మానేయగలరు కానీ గ్రేవీలోంచి తీయలేరు. అందుకే కనీసం ఒకరోజు ముందు ఫోన్ చేసి, రిసెప్షన్‌కు కాకుండా రెస్టారెంటు మేనేజరుకు చెప్పండి. 'ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఒకరికి, జైన్ పద్ధతి లాగా' అంటే వంటగదికి వెంటనే అర్థమవుతుంది. జైన్ వంటలో బంగాళాదుంప, క్యారెట్‌లాంటి దుంపలు కూడా ఉండవు. ఆమె అవి తింటారని విడిగా చెప్పండి.

అప్పటికప్పుడు అడిగినా దొరికేవి: జీలకర్ర ఇంగువ పోపుతో పప్పు, జీరా ఆలూ, జీరా రైస్, పుల్కాలు, పెరుగన్నం. సాంబారు అడగొద్దు, చిన్నుల్లిపాయలు వేసే ఉంటారు. పులిహోర మామూలుగా ఇబ్బంది ఉండదు.

శాకాహారం విషయంలో మరింత జాగ్రత్త కావాల్సింది విదేశీ వంటల కౌంటర్ దగ్గర. థాయ్ కూర ముద్దలో ఎండు రొయ్యలు ఉండొచ్చు. చైనీస్ కూరగాయల్లో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పడొచ్చు. కూరగాయల సూప్‌ను కోడి ఎముకల నీళ్లతో చేసేవాళ్లున్నారు. పన్నాకోటా, మూస్ లాంటి తీపి వంటకాలు గట్టిపడటానికి జెలటిన్ కలుపుతారు, అది జంతువుల నుంచి తీసినది. కొన్నిచోట్ల నాన్ పిండిలో గుడ్డు ఉంటుంది. ఇవేవీ చూస్తే తెలిసేవి కావు. పేరు పలక మీద ఆకుపచ్చ గుర్తు లేనిది ఆమె పళ్లెంలో పెట్టొద్దు. గుర్తున్నా గరిటె చూడండి, పక్క గిన్నెలోని గరిటెనే తెచ్చి వాడేవాళ్లు చాలామంది.

ప్రశ్న: ఆరుగురం వెళ్తున్నాం. అమ్మానాన్నలకు డెబ్భై దాటాయి, నాన్నగారికి షుగర్. బఫే మేలా, మెనూ చూసి ఆర్డర్ ఇవ్వడం మేలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీకు ఆర్డరే మేలు. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడటం డెబ్భై దాటినవాళ్లకు శిక్ష. పైగా వాళ్లు తినేది రెండు గరిటెలు, కట్టేది పూర్తి ధర. అరవై రకాలున్నాయని బఫేకు వెళ్లొద్దు. ఎవరి పొట్టలోనైనా పట్టేది ఏడెనిమిది.

ఆరుగురికి రెండు స్టార్టర్లు, రెండు కూరలు, ఒక పప్పు, ఎనిమిది రొట్టెలు, ఒక బిర్యానీ, ఒక పెరుగన్నం సరిపోతాయి. కూర ఒక ప్లేటు మామూలుగా ఇద్దరు ముగ్గురికి వస్తుంది. బిర్యానీ ఎందరికి అన్నది హోటల్‌కో లెక్క, అడిగి చెప్పండి. అంతా ఒకేసారి ఆర్డర్ ఇవ్వకండి. స్టార్టర్లు తిన్నాక ఆకలి ఎంత మిగిలిందో చూసి తర్వాతవి చెప్పండి.

పండగనాడు చాలాచోట్ల రెండు విడతల్లో కూర్చోబెడతారు. మొదటి విడత అడగండి. రెండోదైతే కూర్చునేసరికి రెండున్నర, ముద్ద నోట్లోకి వెళ్లేసరికి మూడు. మందు లేదా ఇన్సులిన్ వేళకు తీసుకునే నాన్నగారికి అంత ఆలస్యం ప్రమాదం, చక్కెర పడిపోవచ్చు. ఇన్సులిన్ ఇంట్లో వేసుకుని బయల్దేరకుండా చూడండి, డాక్టర్ చెప్పిన వ్యవధిని బట్టి వడ్డనకు దగ్గరగా వేసుకోవాలి. బొబ్బట్టు ఆయన పూర్తిగా మానాలన్న నియమం లేదు, సగం తిని ఆ మేరకు అన్నం తగ్గించుకోవచ్చు.

బఫేకే వెళ్లాలని పిల్లలు పట్టుబడితే మొదలయ్యే వేళకే వెళ్లండి. మూత కింద ఆవిరికి గారె మెత్తబడుతుంది, బొబ్బట్టు సాగుతుంది, బిర్యానీ అడుగు ఎండుతుంది. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్న మాంసం, చేపలు వదిలేయండి. వేడి పదార్థం 60 డిగ్రీల పైన ఉంటేనే భద్రం.

ప్రశ్న: చేత్తో తింటే చిన్నచూపు చూస్తారా? ఫోర్కు, చాకు ఎలా పట్టాలి?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: పప్పన్నం, పులిహోర, బిర్యానీ చేత్తోనే తినండి. చివర్లో నిమ్మచెక్క వేసి గిన్నెలో ఇచ్చే గోరువెచ్చని నీళ్లు వేళ్లు ముంచుకోవడానికి, తాగడానికి కావు. ఫోర్కు ఎడమ చేతిలో, చాకు కుడి చేతిలో. వరుసగా పెట్టి ఉంటే బయటివాటితో మొదలుపెట్టి లోపలికి రావాలి. తినడం అయిపోతే రెండూ పక్కపక్కన పెట్టండి, పళ్లెం తీస్తారు. మంచినీళ్లు ఏవి కావాలని అడిగితే 'రెగ్యులర్' అనండి. సీసా తెరిస్తే బిల్లు పడుతుంది, ఎంఆర్‌పీ కంటే ఎక్కువే వేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.

ప్రశ్న: మిగిలింది కట్టించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆర్డర్ ఇచ్చినవి తప్పకుండా కట్టిస్తారు. బఫేవి కట్టివ్వరు. వండిన తర్వాత బయట ఉన్న సమయమంతా లెక్కలోకి వస్తుంది కాబట్టి, మొత్తం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. దారిలో గుడికి, బంధువుల ఇంటికి వెళ్లే ఆలోచన ఉంటే కట్టించుకోకండి. ముఖ్యంగా అన్నం, బిర్యానీ. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. పెరుగు పచ్చడి, సలాడ్ కట్టించుకోకండి. పొడి కూరలు, రొట్టెలు మర్నాటి వరకు ఫ్రిజ్‌లో నిలుస్తాయి.