యాప్ తీసేసినా డబ్బు కట్ అవుతోంది.. తిరిగి వస్తుందా?

సందేహం: మా అమ్మకు 71 ఏళ్లు. నీటికాసుల వల్ల చూపు బాగా తగ్గింది. ఒకప్పుడు వారపత్రికలో ఒక్క సీరియల్ కూడా వదలకుండా చదివిన మనిషి. వినడానికైనా ఉంటుందని ఒక ఆడియో పుస్తకాల యాప్‌లో ‘ఒక్క రూపాయికే 7 రోజుల ట్రయల్’ అని కనిపిస్తే అమ్మ ఫోన్‌లో పెట్టాను. అమ్మను అడిగే, పింఛను పడే ఖాతా యూపీఐ పిన్ కొట్టాను. నాలుగు రోజులు విని, చదివే గొంతు నచ్చలేదంది. యాప్ తీసేశాను. మొన్న పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయిస్తే మూడు నెలలకోసారి రూ.399 చొప్పున మూడుసార్లు, మొత్తం రూ.1,197 పోయాయి. ఆఖరిది పోయిన నెలలోనే కట్ అయింది. మళ్లీ యాప్ వేసి చూస్తే క్యాన్సిల్ చేసే చోటే కనబడలేదు. మెయిల్ పెడితే ‘షరతులకు మీరు ఒప్పుకున్నారు, రీఫండ్ ఉండదు’ అన్నారు. ఆటోపే ఆపేస్తే లీగల్ నోటీసు వస్తుందా? అమ్మ సిబిల్ స్కోరు దెబ్బతింటుందా? ఇంత చిన్న మొత్తానికి కేసు వేయవచ్చా? ఎవరో దొంగలు తీశారని అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ ఆటోపే ఆపేయండమ్మా. ఈ జవాబు మిగతాది ఆ తర్వాత చదివినా పరవాలేదు.

ఏ యూపీఐ యాప్‌లో పిన్ కొట్టారో అది తెరిచి ప్రొఫైల్‌లోకి వెళ్తే ‘ఆటోపే’ అని ఉంటుంది. అందులో ఆ కంపెనీకి ఇచ్చిన మ్యాండేట్, అంటే ఖాతాలోంచి దానంతటదే డబ్బు తీసుకునే అనుమతి, కనిపిస్తుంది. రద్దు చేసే ముందు ఒక స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎవరి పేరున ఉంది, గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు, ఎన్నాళ్లకోసారి, ఏ తేదీ వరకు అన్నవన్నీ అక్కడే ఉంటాయి. యూఎంఎన్ అనే పొడవాటి నంబరు కూడా ఉంటుంది, అది తప్పకుండా పడాలి. రేపు బ్యాంకులో అడిగేది ఆ నంబరే. తర్వాత రద్దు నొక్కి పిన్ కొట్టండి. ‘పాజ్’ నొక్కకండి, అది తాత్కాలికంగా ఆపడమే.

పాస్‌బుక్‌లో యాప్ పేరు లేకపోవడం చూసి అమ్మగారు భయపడి ఉంటారు. చాలాసార్లు అక్కడ యాప్ పేరు బదులు దాన్ని నడిపే కంపెనీ పేరో, మధ్యలో ఉండి డబ్బు చేరవేసే పేమెంట్ గేట్‌వే పేరో పడుతుంది. స్క్రీన్‌షాట్‌లోని పేరు, పాస్‌బుక్‌లోని పేరు పక్కపక్కన పెట్టి ఆమెకు వివరంగా చెప్పండి. ఖాతాలో దొంగలు పడలేదని తెలిస్తే ఆమె మనసు కుదుటపడుతుంది.

ఇక మీ భయాల సంగతి. ఇచ్చిన మ్యాండేట్‌ను ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు ఖాతాదారుకు ఉంది. ఇది రిజర్వ్ బ్యాంకు నిబంధన, కంపెనీ దయ కాదు. ఆటోపే ఆపినంత మాత్రాన ఎవరూ మీ మీద కేసు వేయలేరు. ఇలాంటి చందాలు ముందే డబ్బు కట్టించుకునేవి. డబ్బు అందకపోతే సేవ ఆపేస్తారు, అంతే. సిబిల్‌కు వివరాలు పంపేది అప్పులిచ్చే సంస్థలు. పుస్తకాల చందా అప్పు కాదు కాబట్టి స్కోరుకు ఏమీ కాదు. ఒక్క జాగ్రత్త. మీలాగా యూపీఐతో కాకుండా క్రెడిట్ కార్డుతో చందా పెట్టినవాళ్లు, కోపంలో కార్డు బిల్లు కట్టడం ఆపకూడదు. అది అప్పే, అక్కడ స్కోరు పడిపోతుంది.

యాప్ తీసేస్తే చందా పోయినట్టేనని మీరు అనుకున్నారు. నా దగ్గరికి ఇలాంటి గొడవతో వచ్చినవాళ్లలో చాలామంది అదే అనుకున్నారు, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. కానీ యాప్ వేరు, చందా వేరు, ఆటోపే వేరు. యాప్ ఫోన్‌లో ఉంటుంది, చందా కంపెనీ దగ్గర ఉంటుంది, ఆటోపే బ్యాంకులో ఉంటుంది. మీరు ఫోన్‌లోది తీసేశారు, మిగతా రెండూ అలాగే ఉండిపోయాయి. ఆ రోజు ఒక్క రూపాయికి పిన్ కొట్టిన స్క్రీన్‌ను గుర్తు తెచ్చుకోండి. పెద్ద అక్షరాల్లో 1 అని ఉంటుంది. దాని కింద సన్నటి అక్షరాల్లో గరిష్ఠ మొత్తం, ‘మూడు నెలలకోసారి’, గడువు తేదీ ఉంటాయి. ఆ పిన్ రూపాయికి మాత్రమే కాదు, కింద ఉన్న వాటికీ అనుమతే.

అందుకే, ఎంత కోపం వచ్చినా ‘మాకు తెలియకుండా ఎవరో డబ్బు తీశారు’ అని బ్యాంకుకు రాయకండి. అమ్మగారి అనుమతితోనే పిన్ కొట్టారు. అబద్ధం ఒక్కటి దొరికితే మీ నిజమైన ఫిర్యాదు కూడా పలచబడిపోతుంది. మీ ఫిర్యాదు వేరు: ట్రయల్ చందాగా మారేటప్పుడు సరిగ్గా చెప్పలేదు, ఆపుకునే దారి కనబడనివ్వలేదు.

ఇక్కడ చట్టం మీవైపే ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, సీసీపీఏ అంటారు, 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. జనాన్ని తికమకపెట్టి డబ్బు లాగే 13 రకాల పద్ధతులను అందులో నిషేధించారు. వాటిలో ఒకటి చందా ఉచ్చు. క్యాన్సిల్ చేసే దారిని దాచడం, దాన్ని పెద్ద ప్రయాసగా మార్చడం దీని కిందికే వస్తాయి. ఉచిత చందా ఇస్తామంటూ పేమెంట్ వివరాలో ఆటో డెబిట్ అనుమతో ఇస్తేనే కుదురుతుందని బలవంతపెట్టడం కూడా చందా ఉచ్చేనని అందులో రాసి ఉంది. ట్రయల్ ముగిసి చందా మొదలవుతున్నప్పుడు తెలియజేయకపోవడాన్ని ఇంకో రకం కింద చూపించారు. ‘మీరు షరతులు ఒప్పుకున్నారు’ అన్న ఒక్క ముక్కతో కంపెనీ దీన్నుంచి తప్పించుకోలేదు.

అయితే ఒక వాదన తప్పకుండా వస్తుంది, కాచుకోండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో డబ్బు తీసుకోకుండా చేసే సేవ ‘సేవ’ కిందికి రాదు. కాబట్టి ట్రయల్ తీసుకున్నవాళ్లు వినియోగదారులే కారంటారు. మీ విషయంలో అది నిలవదు. చట్టం డబ్బు చెల్లించినవారినే కాదు, చెల్లిస్తామని ఒప్పుకున్నవారిని కూడా వినియోగదారు అంటుంది. మీరైతే రూపాయి కట్టారు, ఆపైన రూ.1,197 కట్టారు.

ఇప్పుడు అమ్మగారి ఫోన్‌లో మెసేజ్‌లు తెరిచి ‘399’ అని వెతకండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం రావాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నవి అందులో ఉండాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలూ ఉండాలి. మెసేజ్‌లు వచ్చి ఉంటే బ్యాంకు మీద మీ వాదన బలహీనమే. ఇంగ్లిష్‌లో వచ్చిన ఎస్ఎంఎస్‌ను చూపు తగ్గిన 71 ఏళ్ల మనిషి ఎలా చదువుతారన్నది న్యాయమైన ప్రశ్నే. అయినా బ్యాంకు తన పని చేశానంటుంది. రాకపోయి ఉంటే మాత్రం బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగ్గా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. దానికి ఫీజు లేదు.

ఎంత తిరిగి వస్తుందో నిజాయితీగా చెబుతాను. పోయిన నెలలో కట్ అయిన రూ.399 అడగడానికి మీకు గట్టి ఆధారం ఉంది. ఆ మూడు నెలల కాలం ఇంకా నడుస్తూనే ఉంది, యాప్ వాడింది లేదు. ముందటి రెండు వాయిదాలు రాబట్టడం కొంచెం కష్టం, అయినా మూడూ అడగండి. తగ్గించి అడిగితే ఇంకా తగ్గించి ఇస్తారు.

కంపెనీకి మళ్లీ రాసేటప్పుడు కస్టమర్ కేర్‌కు కాకుండా ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. ఆ అధికారి పేరు, మెయిల్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఉండి తీరాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. రాసే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, అమ్మగారి నంబరుతో లాగిన్ అయ్యి, క్యాన్సిల్ ఎక్కడుందో వెతకండి. ప్రొఫైల్, సెట్టింగ్స్, హెల్ప్, అక్కడినుంచి మళ్లీ మొదటికి, మీరు ఎన్నిసార్లు నొక్కితే అన్నీ అందులో పడతాయి. వాళ్లు తర్వాత యాప్ మార్చేసినా ఆ వీడియో మీ చేతిలో ఉంటుంది. యాప్ తీసేసిన తేదీ తర్వాత ఈ ఖాతాలో ఎన్ని నిమిషాలు విన్నారో చూపించమని మెయిల్‌లో అడగండి. ఆ లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది.

నెలలో తేలకపోతే 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, కంపెనీతో మాట్లాడి తేల్చడానికి చూస్తారు. ఇలాంటి చిన్న మొత్తాలకు నేను మొదట చెప్పే దారి అదే. అక్కడా కాకపోతే గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఫిర్యాదు చేసేవాళ్లు నివసించే చోటే కేసు వేయవచ్చు. కట్టిన డబ్బు రూ.5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, లాయరు లేకున్నా మీరే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. కేసు అమ్మగారి పేరున ఉండాలి, రెండేళ్ల లోపు వేయాలి. ‘వివాదాలన్నీ ఫలానా ఊరి ఆర్బిట్రేటర్ దగ్గరే’, అంటే కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తి దగ్గరే, అని షరతుల్లో ఉన్నా వెనకడుగు వేయకండి. ఆర్బిట్రేషన్ షరతు వినియోగదారుల కమిషన్‌కు అడ్డం కాదని ఎమార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకొక్క మాట. కంపెనీ ఫోన్ నంబరు కోసం గూగుల్‌లో వెతకకండి. అక్కడ దొరికే నంబర్లలో మోసగాళ్లవి కూడా ఉంటాయి. రీఫండ్ రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, ఏ యాప్ వేసుకోనక్కర్లేదు. కొట్టమన్నారంటే ఫోన్ పెట్టేయండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

అమ్మగారి పుస్తకాల గురించి మీరు అడగలేదు, అయినా నాకు తెలిసింది చెబుతాను. చూపు లోపం వల్ల అచ్చు చదవలేనివారి కోసం ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి నడుస్తోంది. వారికి అందే రూపంలో పుస్తకాలు తయారు చేయడానికి మన కాపీరైట్ చట్టం 2012 సవరణతో వీలు కల్పించింది. పలు భారతీయ భాషల పుస్తకాలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. ఈసారి అమ్మగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు చూపు ఎంత ఉందో రాసిన సర్టిఫికెట్ అడగండి. సభ్యత్వానికి ఆధారంగా అది పనికొస్తుంది, ఆటోపే అడిగేవాళ్లు అక్కడ లేరు.