కబడ్డీ ఆటగాడి మోకాలికి ఏ గ్రాఫ్ట్ మేలు?

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. కబడ్డీ ఆడుతుండగా మోకాలు మెలిపడింది. మామూలుగా నడుస్తున్నాడు గాని, చటుక్కున పక్కకు తిరిగితే మోకాలు జారిపోతోందంటున్నాడు. ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకను, కింది కాలి ఎముకను కలిపి పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగిందని ఎంఆర్ఐలో తేలింది. హనుమకొండలో ఒక డాక్టరు తొడ వెనుక నుంచి, మరొకరు మోకాలిచిప్ప కింద నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నారలాంటి కణజాలం) తీసి, తెగినదాని స్థానంలో గ్రాఫ్ట్‌గా అమర్చుతామన్నారు. ఏది మంచిది? మళ్లీ ఆడగలడా?
– ఒక సోదరి, పరకాల

జవాబు: ఇద్దరు చెప్పినవీ సరైన పద్ధతులే. తొడ వెనుక హ్యామ్‌స్ట్రింగ్ టెండన్లను మడతలు పెట్టి, కనీసం 8 మిల్లీమీటర్ల మందం వచ్చేలా అమర్చితే మోకాలి ముందు భాగంలో నొప్పి తక్కువగా ఉంటుంది గాని, మోకాలిని వెనక్కి మడిచే బలం కొంత తగ్గుతుంది. మోకాలిచిప్ప కింది టెండన్‌ను రెండు చివర్లా చిన్న ఎముక ముక్కలతో సహా తీస్తారు కనుక, అది ఎముకలో తొలిచిన రంధ్రంలో త్వరగా అతుక్కుంటుంది; అయితే మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి చాలాకాలం వేధించవచ్చు. మూలన కాచుకుని, మోకాలు నేలకానించి రైడర్ చీలమండను పట్టే ఆటగాడికి ఇది చిన్న ఇబ్బంది కాదు. మీ తమ్ముడు రైడరా, డిఫెండరా అన్నది డాక్టరుకు తప్పక చెప్పండి.

నా దృష్టిలో, గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీశారన్నదానికన్నా తొడ ఎముకలో రంధ్రం ఎక్కడ తొలిచారన్నదే ముఖ్యం. పాత పద్ధతిలో కింది కాలి ఎముకకు వేసిన రంధ్రంలోంచే డ్రిల్లును పైకి పోనిచ్చి తొడ ఎముకను తొలిచేవారు. దాంతో గ్రాఫ్ట్ తరచూ నిటారుగా కూర్చుని, కింది కాలి ఎముక ముందుకు జారడాన్ని ఆపినా మోకాలు మెలితిరగడాన్ని సరిగా ఆపలేకపోయేది. ఇప్పుడు చాలామంది సర్జన్లు మోకాలి ముందు, లోపలివైపు పెట్టిన చిన్న గాటు ద్వారా, అసలు లిగమెంట్ అతుక్కుని ఉండిన చోటే తొలుస్తున్నారు. 25 ఏళ్లలోపు ఆటగాళ్లకు హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్‌తోపాటు ఆపరేషన్‌లోనే మోకాలి బయటిపక్క, చర్మం కింద అదనపు కణజాల పట్టీ కూడా బిగిస్తే, గ్రాఫ్ట్ మళ్లీ తెగే ముప్పు తగ్గుతుందని 2020లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. మీవాడికి ఆ అవసరం ఉందేమో అడగండి.

మళ్లీ ఆడే అవకాశం బాగానే ఉంది, కాకపోతే 9 నెలల లోపు బరిలోకి దిగవద్దు. అమర్చిన టెండన్‌లోకి రక్తనాళాలు పాకి, అది లిగమెంట్‌గా మారే తొలి నెలల్లో బలహీనంగా ఉంటుంది. నొప్పి తగ్గి, ఇక ఆడేయొచ్చు అనిపించేదీ సరిగ్గా అప్పుడే. ఆ కాలి తొడ బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతానికి చేరిందని ఫిజియో పరీక్షించి చెప్పాకే ఆడాలి.

ఆపరేషన్‌కూ తొందరపడనక్కరలేదు. వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగేదాకా వ్యాయామాలు చేయించండి. లేకుంటే తర్వాత మోకాలు బిగుసుకుపోవచ్చు. చిరిగిన మెనిస్కస్ (మోకాలి కీలులో మెత్తలా ఉండే మృదులాస్థి) ముక్క అడ్డుపడి కాలు చాపలేకపోతుంటే మాత్రం ఆగకుండా డాక్టరుకు చూపించాలి.