డాక్టర్ సలహా: ఫ్రీజర్‌లో మిగులు సరే, మామగారి విరేచనాల సంగతేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తిరుపతి. కొండకు వచ్చే చుట్టాలు నెలలో రెండు మూడుసార్లైనా మా ఇంట్లో దిగుతారు. ఎంత లెక్కేసి వండినా మిగులుతుంది. పారేయడానికి మనసొప్పక డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెడతాను. మొన్న ఐసు పేరుకుపోయిందని రాత్రి డీఫ్రాస్ట్ నొక్కి పడుకుంటే, పొద్దున ఎప్పటెప్పటి డబ్బాలో బయటపడ్డాయి: అన్నం, పప్పు, సాంబారు, ఇడ్లీలు, ఎప్పుడు పెట్టానో గుర్తులేని చికెన్. కరిగినవాటిని అలాగే మళ్లీ లోపల పెట్టేశాను. అప్పటి నుంచి వాటితోనే లాగిస్తున్నా. పప్పును గోధుమపిండిలో కలిపి చపాతీలు, ఇడ్లీలతో ఉప్మా, అన్నంతో చిత్రాన్నం. బీరకాయ తొక్కు, కాలీఫ్లవర్ కాడలు, కొత్తిమీర కాడలు కూడా వదలడం లేదు. ఫ్రీజర్‌లో పెడితే పోషకాలు పోతాయా? ఎన్ని నెలలు ఉంచొచ్చు? మా ఆయన అన్నీ పారేయమంటున్నారు. ఇంకోమాట. మా మామగారికి 71 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుంటారు. ఈ నెలలో రెండుసార్లు విరేచనాలయ్యాయి. మెడికల్ షాపులో చెప్పి మాత్రలు తెచ్చి వేస్తే తగ్గిపోయాయి. షుగర్ ఉంది కదా అని ఓఆర్ఎస్ ఇవ్వలేదు. మిగతా ఎవరికీ ఏమీ కాలేదు.
- ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు చివర్లో ‘ఇంకోమాట’ అని రాశారే, నేను ఆగింది అక్కడ. పోషకాల సంగతి తర్వాత చూద్దాం. షుగర్, బీపీ ఉన్న 71 ఏళ్ల మనిషికి ఒకే నెలలో రెండుసార్లు విరేచనాలైతే, మాత్ర వేశాం తగ్గింది అని ఊరుకోకూడదు. ఆయన్ని చూడకుండా రాస్తున్నాను కాబట్టి కారణం ఇదీ అని నేను చెప్పలేను. ఏయే అనుమానాలు పెట్టుకోవాలో మాత్రం చెప్పగలను.

మొదటి అనుమానం మీ ఫ్రీజర్ మీదే. అందరూ అదే తిన్నాం, మాకేం కాలేదు కదా అంటారు. అదే తిండి మీకు అరిగిపోయి ఆయనకు అరగకపోవచ్చు. వయసు ఒక కారణం, షుగర్ ఇంకో కారణం. మూడోది ఆ గ్యాస్ మాత్ర. కడుపులో ఊరే యాసిడ్, తిండితో వచ్చే సూక్ష్మజీవులను చాలావరకు అక్కడికక్కడే చంపుతుంది. పాంటాప్రజోల్ లాంటివి ఆ యాసిడ్‌నే తగ్గిస్తాయి. నెలల తరబడి వాడేవాళ్లకు సాల్మొనెల్లా లాంటి ఇన్‌ఫెక్షన్లు కాస్త సులువుగా అంటుకుంటాయి. ఆ మాత్ర ఎవరు రాశారు, ఎన్నాళ్లకు రాశారు? చాలా ఇళ్లలో దానికి జవాబుండదు. ఎప్పుడో ఒకసారి రాసింది, షాపులో అడిగితే ఇస్తున్నారు కాబట్టి అలా నడుస్తూనే ఉంటుంది. అలాగని రేపటి నుంచి మీరే మానిపించకండి. గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్లకు కడుపులో పుండు పడకుండా కావాలనే రాస్తారు. ఆయనకు అవసరమో కాదో డాక్టర్‌ని అడగండి.

ఇంకో అనుమానం మెట్‌ఫార్మిన్. ఈమధ్య షుగర్ మాత్ర డోసు పెంచారా? మార్చారా? మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు మోషన్స్ అవడం మామూలే. అదే కారణమైతే మీ చిత్రాన్నం ఏ పాపమూ ఎరగదు. తాగే నీళ్లు కూడా చూడాలి. క్యాన్ నీళ్లయినా సరే, ఆ క్యాన్ లోపల కడిగి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు. ఇవి కాకుండా బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా, మలబద్ధకం ఒకసారి విరేచనాలు ఒకసారి అన్నట్టుగా ఉన్నా, ఈ వయసులో పెద్దపేగు పరీక్ష అవసరం కావచ్చు. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. మాత్రలతో కప్పేస్తూ పోతే ఇలాంటివి ఆలస్యంగా బయటపడతాయి, అందుకు రాస్తున్నాను.

ఇక ఆ షాపు మాత్రలు. ఏమిచ్చారో మీరు రాయలేదు. మా ఓపీలో రోజూ చూసేదాన్ని బట్టి ఊహిస్తే, ఒకటి మోషన్ ఆపే మాత్ర, రెండోది యాంటీబయాటిక్ అయ్యుంటుంది. ఇంట్లో ఖాళీ స్ట్రిప్ ఉంటే తీసి చూడండి. దానిమీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా వాడకూడని మందు. ఆ గీత సంగతి జనానికి తెలియాలని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం కూడా చేసింది. అయినా కౌంటర్ దగ్గర నిలబడి ‘మోషన్స్’ అంటే చాలు, రెండు మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చేస్తారు. అడిగేవాళ్లున్నారు కాబట్టే ఇస్తున్నారు, అది కూడా చెప్పాలి.

మోషన్ ఆపే మాత్రతో ఇబ్బంది ఏమిటంటే, జ్వరం, రక్త విరేచనాలు ఉన్నప్పుడు వేస్తే పేగులోని ఇన్‌ఫెక్షన్ బయటికి పోకుండా లోపలే ఉండిపోయి ముదురుతుంది. యాంటీబయాటిక్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. తిండి తేడా చేసి వచ్చే విరేచనాల్లో ఎక్కువభాగం రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి, యాంటీబయాటిక్ అక్కర్లేదు. మీ మామగారి మాత్రల్లో గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర ఉందా? ఉంటే, సిప్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్‌లు దానితో కలిసినప్పుడు షుగర్ ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదముంది. అప్పటికే మోషన్స్ వల్ల సరిగా తినని మనిషి. రాత్రి నిద్రలో షుగర్ పడిపోతే పక్కనున్నవాళ్లకు కూడా తెలీదు. ఆ షాపులో మీ మామగారి వయసు అడిగారా? ఏ మందులు వాడుతున్నారని అడిగారా? మీరైనా చెప్పారా? ఒకసారి తగ్గింది కదా అని రెండోసారీ అక్కడికే వెళ్లారు చూడండి, నాకు కష్టమనిపించింది అదే.

ఓఆర్ఎస్ విషయానికొస్తే, షుగర్ ఉందని ఇవ్వకపోవడం తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములు. ఉప్పును పేగు పీల్చుకోవాలంటే ఆ గ్లూకోజు తోడుండాలి. దానివల్ల షుగర్ కాస్త పెరిగినా చూసుకోవచ్చు, ఒంట్లో నీరు తగ్గిపోతే కిడ్నీ దెబ్బతింటుంది. పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, చెంచాల లెక్కన గ్లాసులో వేయకూడదు. ఆ నీళ్లు 24 గంటలకు మించి ఉంచకూడదు. అట్టడబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటి పేర్లలో ‘ఓఆర్ఎస్’ అనే మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. గుండె, కిడ్నీ జబ్బులున్నాయని ఇదివరకే నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి.

బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి, టెల్మిసార్టన్ లాంటివి, షుగర్ మాత్రల్లో మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ ఉంటే, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో కొన్నిటిని తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. ఏది ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాసిన డాక్టర్ చెప్పాలి. ఫోన్ చేసి అడగండి, అదే రోజు. మలంలో రక్తం, జ్వరం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, మూత్రం తగ్గడం, మత్తుగా ఉండటం, తాగింది తాగినట్టు వాంతి కావడం, షుగర్ 70 కంటే తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. రుయాకో, స్విమ్స్‌కో, దగ్గర్లో 24 గంటలూ ఉండే ఏ ఆసుపత్రికైనా సరే. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు డబ్బాల దగ్గరికి వద్దాం.

గడ్డకట్టించడం వల్ల సూక్ష్మజీవులు చావవు. ఎదగడం మానేసి పడుంటాయి, అంతే. కరగ్గానే లేచి పని మొదలుపెడతాయి. రాత్రంతా డీఫ్రాస్ట్‌లో ఉంచి, పొద్దున కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించానన్నారు. మీ వీధిలో ఆ రాత్రి ఎండాకాలపు ఉక్కైతే, ఆ డబ్బాలు మామూలు వేడికి ఎన్ని గంటలున్నాయో ఎవరూ చెప్పలేరు. పొద్దున ముట్టుకుంటే ఇంకా ఐసు ముక్కలు తగిలినవాటిని వండుకోవచ్చు. నీళ్లయిపోయి, చల్లదనం కూడా పోయినవాటిని, ముఖ్యంగా అన్నాన్ని, చికెన్‌ని వాడకండి. చికెన్ విషయంలో మీ ఆయనే రైటు. పారేయండి.

బాగా మరిగిస్తే అన్నీ చచ్చిపోతాయి కదా అని మీరు అడగబోతున్నారు. సూక్ష్మజీవి చస్తుంది, అది అప్పటికే వదిలిన విషం ఉంటుంది. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా బతికే ఉంటాయి. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా గిన్నెలో ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం పోపులో వేయించినా పోదు, పైన నిమ్మకాయ పిండినా పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. ఇది రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున చిత్రాన్నం కలిపే ప్రతి ఇంటికీ చెబుతున్నాను. సద్దన్నం కాస్త వేరు. నీళ్లు పోసి ఉంచడం వల్ల పులుస్తుంది, ఆ పులుపు చాలా క్రిములను అదుపులో పెడుతుంది. అయినా మీ మామగారికి కొన్నాళ్లు వద్దు.

కాబట్టి అసలు జాగ్రత్త ఫ్రీజర్ నుంచి తీసేటప్పటికంటే పెట్టేటప్పుడు ఎక్కువ కావాలి. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మన ఎండల్లో అయితే గంటలోపే. చుట్టాలు తిని, కబుర్లు చెప్పుకుని, పడుకున్నాక వంటిల్లు సర్దుదాం అనుకుంటే అప్పటికే ఆలస్యం. పెద్ద గిన్నెడు సాంబారు మూతపెట్టి అలాగే లోపలికి తోస్తే, పైన చల్లబడినా మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరనివ్వండి. పప్పూ సాంబారూ ఒక పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో పోయండి. డబ్బా మీద తేదీ రాయండి. కరిగించేది ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరిగించండి, వంటింటి గట్టు మీద వద్దు. పొగలు వచ్చేలా, మధ్యదాకా వేడెక్కేలా కాచి, ఆ పూటే ముగించండి. మిగిలిందాన్ని మళ్లీ లోపల పెట్టొద్దు.

ఎన్ని నెలలు అంటే, ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే వండినవి రెండు మూడు నెలల్లో వాడేయడం మంచిది. ఆ తర్వాత రుచి పోతుంది, తెల్లగా ఎండిన మచ్చలు పడతాయి. కానీ డీఫ్రాస్ట్ బటన్ ఉందంటే మీది సింగిల్ డోర్ ఫ్రిజ్ అయ్యుంటుంది. దాని ఐసు పెట్టె చాలాసార్లు అంత చల్లగా ఉండదు, పైగా పిల్లలు ఐసు కోసం ఊరికే తెరుస్తుంటారు. మీకైతే కొన్ని వారాలు అనుకోండి. కింది అరల్లో పెట్టినవి మూడు రోజులు. ఊరెళ్లేటప్పుడు ఒక చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చాక బిళ్ల అడుగుకు దిగి ఉంటే కరెంటు పోయి అన్నీ కరిగి మళ్లీ గడ్డకట్టాయని అర్థం.

తొక్కులు, కాడల విషయంలో మిమ్మల్ని తప్పుపట్టను. బీరపొట్టు పచ్చడి మా ఇంట్లోనూ చేస్తారు. పీచు ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు మంచిదే. బాగా కడగండి, అంతే. సొరకాయ గానీ బీరకాయ గానీ నాలుక మీద పెడితే చేదుగా ఉందంటే తొక్కుతో సహా పారేయాలి. చేదు సొరకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. పచ్చబడిన ఆలుగడ్డ తొక్క, మొలకలు వద్దు. బూజు పట్టిన శెనక్కాయలు ఏరి, వేయించి ఊరిబిండి నూరుకుంటారు కొందరు. ఆ బూజు విషం వేయించినా పోదు, అది లివర్‌కి చేటు.

పోషకాలు అడిగారు. గడ్డకట్టించడం వల్ల పెద్దగా పోవు. మళ్లీ మళ్లీ కాచితే సి విటమిన్ లాంటివి తగ్గుతాయి. ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే మాత్రం ఈ పాత డబ్బాలు పెట్టకండి, లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది.

మీ మామగారిని ఈ వారంలోనే ఆయన షుగర్ డాక్టర్‌కి చూపించండి. వాడే మాత్రలన్నీ, గ్యాస్ మాత్రతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. షాపులో ఇచ్చినవాటి స్ట్రిప్ దొరికితే అదీ. ఏ రోజు ఏం తిన్నాక మొదలైంది, ఎన్నిసార్లు అయ్యాయి, డోసు ఎప్పుడు మార్చారు, ఒక కాగితం మీద రాసుకోండి. క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు, అవసరమనుకుంటే మల పరీక్ష ఆయనే రాస్తారు. పాత రిపోర్టులు పక్కన పెట్టి చూస్తే కిడ్నీ మీద ఏమైనా ప్రభావం పడిందో తెలుస్తుంది. ఈలోగా మళ్లీ మోషన్స్ అయితే ఓఆర్ఎస్ మొదలుపెట్టి డాక్టర్‌కి ఫోన్ చేయండి.