రెండో నెలలోనే షుగర్.. జన్యు పరీక్ష అవసరమా?

ప్రశ్న: మా బాబుకు ఏడాదిన్నర. రెండో నెలలో పాలు తాగకుండా ఆయాసపడుతుంటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. షుగర్ 500 దాటిందని ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇప్పుడు కొత్త డాక్టర్ జన్యు పరీక్ష చేయించమంటున్నారు. మాది మేనరికం, అందుకే ఇలా అయిందని ఇంట్లో అంటున్నారు. ఇన్సులిన్ ఎలాగూ ఇస్తున్నాం కదా, మళ్లీ ఈ ఖర్చు దేనికి?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తప్పకుండా చేయించండమ్మా. పిల్లల్లో మామూలుగా చూసే టైప్-1 షుగర్ ఆరు నెలల లోపు రావడం చాలా అరుదు. అంత చిన్న వయసులో వచ్చిందంటే ఏదో ఒక జన్యువులో లోపం ఉండే అవకాశమే ఎక్కువ. అదేమిటో తెలిస్తే వైద్యమే మారిపోవచ్చు.

ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పొటాషియం బయటికి పోయే సన్నని ద్వారాలుంటాయి. రక్తంలో గ్లూకోజ్ పెరగ్గానే అవి మూసుకోవాలి, అప్పుడే ఇన్సులిన్ విడుదలవుతుంది. కేసీఎన్‌జే11, ఏబీసీసీ8 అనే జన్యువుల్లో లోపముంటే ఆ ద్వారాలు తెరుచుకునే ఉండిపోతాయి. ఇన్సులిన్ లోపలే ఆగిపోతుంది. పెద్దవాళ్లు షుగర్‌కు వాడే గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర సరిగ్గా ఆ ద్వారాలనే మూస్తుంది. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, కేసీఎన్‌జే11 లోపమున్న 49 మందిలో 44 మంది ఇన్సులిన్ పూర్తిగా మానేసి ఈ రకం మాత్రలకు మారగలిగారు.

అలాగని ఇది చదివి మెడికల్ షాపులో మాత్ర కొనేయకండి. ఇన్సులిన్ ఒక్క డోసు కూడా ఆపొద్దు. ఈ మార్పు డాక్టర్ దగ్గరుండి, షుగర్ చూసుకుంటూ చేయాల్సిందే.

ఇక మేనరికం మాట. కేసీఎన్‌జే11 లోపం చాలావరకు తల్లిదండ్రుల్లో ఉండదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది. అదే అయితే ఎవరినీ అనాల్సిన పనిలేదు. దగ్గరి సంబంధాల్లో ఎక్కువగా కనిపించేది ఈఐఎఫ్2ఏకే3 లోపం. దానికి ఈ మాత్ర పనిచేయదు, ఇన్సులినే దిక్కు. పైగా ఎముకలు, కాలేయం మీద కూడా కన్నేసి ఉంచాలి. తర్వాతి కాన్పులోనూ వచ్చే అవకాశం 25 శాతం. ఇంకో బిడ్డ గురించి ఆలోచిస్తుంటే ఈ రిపోర్టు ముందే చేతిలో ఉండాలి.

పరీక్షకు కాస్త రక్తం చాలు, మీ దంపతులిద్దరిదీ అడగొచ్చు. ఒకటీ అరా కాకుండా, ఈ రకం షుగర్‌కు సంబంధించిన జన్యువులన్నీ చూసే ప్యానెల్ చేయించండి. రిపోర్టుకు కొన్ని వారాలు పడుతుంది. ‘ప్రాధాన్యం తేలని మార్పు’ అని వస్తే కంగారు పడొద్దు, అది జబ్బు నిర్ధారణ కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడ సంప్రదించవచ్చు. వెళ్లేటప్పుడు అప్పటి డిశ్చార్జ్ సమ్మరీ తీసుకెళ్లండి. బాబు నడుస్తున్నాడా, ఎన్ని మాటలు వచ్చాయి, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్నదీ చెప్పండి. కేసీఎన్‌జే11 లోపమున్న కొందరు పిల్లల్లో ఎదుగుదల కూడా వెనకబడుతుంది.