చెడు దారి ఎవరూ తొక్కడం లేదా?

ప్రశ్న: మా బృందం ఒక ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ తయారు చేస్తోంది. బిచ్చగాణ్ని తన్నడం, గుడిసె తగలబెట్టడం, దూతను చంపడం లాంటి చెడు ఆప్షన్లు చాలాచోట్ల పెట్టాం. ఆడి చూసినవాళ్లు ఒకసారి నొక్కి చూసి, పాత సేవ్ (ఆటలో ముందు దాచుకున్న చోటు) తెరిచి మళ్లీ మంచి దారే పడుతున్నారు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీరు చెప్పిన మూడింటిలో ఏది చేసినా ఆటగాడికి తీరే అవసరం లేదు. అది ఉత్త మొరటుతనం. ముందు అవసరం పుట్టించి, తర్వాత దాన్ని తీర్చే అడ్డదారి చూపించండి.

ఒక కోట ముట్టడిలో ఉందనుకోండి. లోపల 40 మంది ఉన్నారు. మనిషికి రోజుకో పాలు చొప్పున 120 పాళ్ల తిండి ఉంది, అంటే మూడు రోజులకే. సాయం రావడానికి ఆరు రోజులు పడుతుంది. జబ్బుపడ్డ 20 మందిని రాత్రికి రాత్రి బయటికి పంపేస్తే మిగిలినవాళ్లకి లెక్క సరిగ్గా సరిపోతుంది. అందరినీ ఉంచుకుంటే మనిషికి అరపాలే. అప్పుడు మూడో రోజు నుంచి వీరుల దాడి బలం ఐదో వంతు పడిపోవాలి. ఆఖరి పోరులో ఆటగాడి తోడువాళ్లలో ఒకరు నిజంగా చచ్చిపోగలగాలి. చాలామంది రచయితలు ఇక్కడే మెత్తబడతారు. అందరినీ ఉంచుకున్నవాడికి నేలమాళిగలో ధాన్యం దొరికేలా రాస్తారు. దయచేసి ఆ పని చేయకండి, సన్నివేశం అక్కడే చచ్చిపోతుంది.

సలహా ఎవరి నోట వస్తుందో కూడా చూసుకోండి. దుష్ట మంత్రి చెబితే ఎవరూ వినరు. ఆటగాడు అప్పటికే నమ్మిన వైద్యురాలి చేత చెప్పించండి: "వాళ్లలో సగం మంది ఎలాగూ తెల్లారేదాకా ఉండరు." ఆప్షన్ మీద "జబ్బువాళ్లని చావనివ్వు" అని రాయకండి. "తలుపు తెరువు" చాలు.

ఇక సేవ్ సంగతి. చేసిన పాపం ఐదు నిమిషాల్లో ఎదురొస్తే ఎవరైనా వెనక్కే వెళతారు. రెండు మూడు గంటల ఆట గడిచాక, ఆ 20 మందిలో బతికి బయటపడ్డ ఒకడు వేరే ఊరి కాపలాదారుగా కనిపించి ఆటగాణ్ని గుర్తుపట్టాలి. అంత దూరం వచ్చాక వెనక్కి పోవడానికి మనసొప్పదు.

ప్రశ్న: చెడుకి బహుమతి రెట్టింపు ఇస్తే చాలా?

జవాబు: ఎంత ఇచ్చారన్నదానికన్నా, మంచివాళ్లకి తర్వాత ఎంత తిరిగి ముట్టిందో లెక్కేయండి. బయోషాక్ (2007) అనే ఆట ఫాంటసీ కాకపోయినా మంచి ఉదాహరణ. అందులో ఎదురయ్యే చిన్నారిని కాపాడితే 80 ఆడమ్ (ఆటగాడు శక్తులు కొనుక్కునే సరుకు), బలిచేస్తే 160. చూడ్డానికి రెట్టింపే. కానీ ముగ్గుర్ని కాపాడిన ప్రతిసారీ 200 కానుకగా వస్తుంది. అంటే ముగ్గురి మీద కాపాడితే 440, బలిచేస్తే 480. కేవలం 40 తేడా కోసం పసిపిల్లల్ని చంపడానికి ఎవరికి చేతులొస్తాయి? ఆట మొత్తం కూడినా కనీసం నాలుగో వంతు తేడా మిగలాలన్నది మా అభిప్రాయం. బంగారంకన్నా సమయం ఇంకా గట్టి ఎర: మూడు క్వెస్టుల (ఆటలో అప్పజెప్పే పనుల) శ్రమ ఒక్క ద్రోహంతో తప్పిపోతుందంటే ఎంత మంచివాడైనా ఒక క్షణం ఆగుతాడు.

ప్రశ్న: చెడు దారిలో పాత్రలు చచ్చిపోయి ఆట ఖాళీ అయిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: పెద్ద ఆటలకీ తప్పని ఇబ్బందే ఇది. బాల్డర్స్ గేట్ 3 (2023) మొదటి అంకంలో గాబ్లిన్లతో కలిసి శరణార్థుల మీద పడితే ఆటగాడి తోడువాళ్లు విల్, కార్లాక్ ఇద్దరూ దూరమవుతారు. ఆ శరణార్థులతో ముడిపడిన తర్వాతి కథలూ పోతాయి. బదులుగా గాబ్లిన్ల నాయకుల్లో ఒకరైన మింథారా తోడొస్తుంది, కానీ పోయినదానికి ఆమె ఒక్కతే సరిపోదు. చంపడానికి వీలున్న ప్రతి పాత్ర పేరు పక్కన, అతను పోతే ఆ చోటుకి ఎవరొస్తారో రాసుకోండి. వర్తకుడు చస్తే అతని సరుకుతో దొంగ వ్యాపారి దిగాలి, కొత్త పనీ ఇవ్వాలి. చెడు దారి క్వెస్టుల్నే ముందు రాయండి. చివరికి మిగిల్చితే గడువు ముంచుకొచ్చినప్పుడు కోత పడేది వాటికే.

ప్రశ్న: మంచి చెడుల మీటర్ పెట్టాలా?

జవాబు: వద్దు. మాస్ ఎఫెక్ట్ 2 (2010)లో సంభాషణల్లో కొన్ని మాటలు మంచి, చెడుల్లో ఒకవైపు స్కోరు బాగా పెరిగితేనే తెరుచుకుంటాయి. దాంతో ఆటగాడు సన్నివేశం గురించి ఆలోచించడం మానేసి ఎప్పుడూ ఆ ఒక్క వైపు మాటలే నొక్కుకుంటూ పోతాడు. ఒక్క మీటర్ బదులు ఒక్కో వర్గానికి విడిగా పరపతి లెక్క ఉంచండి. కోట సైనికులు మెచ్చుకున్న పనికే జబ్బువాళ్ల బంధువులు పగబట్టొచ్చు.