చెన్నై నుంచి క్రూజ్‌కి వెళ్తున్నాం: అమ్మ పూజ సామాను, పచ్చళ్లు, కెటిల్, లడ్డూలు ఓడ ఎక్కనిస్తారా?

తిరుపతి నుంచి అమ్మానాన్నలు, బావగారితో చెన్నై వెళ్లి క్రూజ్ ఎక్కుతున్నాం, ఏ సామాను తీసుకెళ్లొచ్చు అని అడిగారు కదా, మాదీ తిరుపతే. చెన్నై రేవు నుంచి మా అత్తామామల్ని తీసుకుని క్రూజ్‌కి వెళ్లొచ్చాం. మీరు అడిగిన సామానులో సగం మా బ్యాగుల్లోనూ ఉంది కాబట్టి అక్కడ జరిగింది చెప్తాను.

మొదట అమ్మగారి పూజ సంగతి. కర్పూరం, అగరుబత్తీలు, వత్తులు, దీపం నూనె, అగ్గిపెట్టె ఏవీ పెట్టకండి. కేబిన్‌లో దేన్నీ వెలిగించనివ్వరు. మా అత్త ఇవన్నీ చీరల మడతల మధ్య పెట్టి పెద్ద సూట్‌కేసులో సర్దేసింది. పెద్ద బ్యాగులు టెర్మినల్‌లోనే తీసుకుంటారు, స్కాన్ చేశాక తర్వాత కేబిన్ తలుపు దగ్గరికి చేరుస్తారు. అందరి బ్యాగులూ వచ్చాయి, ఆమెది రాలేదు. సాయంత్రం సెక్యూరిటీ గదికి పిలిచి మా ముందే తెరిపించి, ఆ పొట్లం ఒక్కటి తీసి పక్కన పెట్టి, మిగతాది ఇచ్చేశారు. మర్యాదగానే మాట్లాడారు. కానీ పెద్దావిడ కదా, నలుగురి ముందు బ్యాగు తెరవాల్సి వచ్చిందని ఆ రాత్రి సరిగా అన్నం కూడా తినలేదు. మీ అమ్మగారికి ఆ టెన్షన్ వద్దనుకుంటే గాంధీ రోడ్డు అంగళ్లలో బ్యాటరీ దీపాలు దొరుకుతాయి, ఒకటి కొనుక్కోండి. పటం, కుంకుమ, తులసిమాల, పుస్తకం, చిన్న గంట వీటికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, నడి సముద్రంలో మంటలు లేస్తే ఫైరింజన్ రాదు. ఓడ సిబ్బందే ఆర్పుకోవాలి. 2006 మార్చిలో జమైకా వైపు వెళ్తున్న స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో బాల్కనీ దగ్గర అంటుకున్న మంట వందకు పైగా కేబిన్లను దెబ్బతీసింది, ఒక ప్రయాణికుడు చనిపోయారు. ఎవరో పడేసిన సిగరెట్ ముక్కే కారణం అయ్యుండొచ్చని విచారణలో తేల్చారు. అలిపిరి టోల్‌గేట్‌లో బ్యాగులు స్కానర్‌లో పెట్టడం మనకు అలవాటే. అక్కడ మందు, సిగరెట్లు, మాంసం వెతుకుతారు, ఇక్కడ ముందుగా వెతికేది వేడెక్కేవాటిని. ఈ ఒక్కటి గుర్తుంటే సగం లిస్టు మీరే రాసేయగలరు.

కాబట్టి కెటిల్, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్, నీళ్లు కాచే రాడ్ అన్నీ ఇంట్లోనే. టీ గురించి దిగులు వద్దు, భోజనాల హాల్లో వేడినీళ్లు దొరుకుతాయి. ఒక మంచి ఫ్లాస్క్ తీసుకెళ్లండి చాలు. ఎక్స్‌టెన్షన్ బోర్డు విషయంలో మాత్రం చాలామంది పొరబడతారు. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే సామాను పాడవకుండా కాపాడే భాగం) ఉన్న బోర్డు ఇంట్లో మంచిదే, ఓడలో అదే ప్రమాదం. ఇంట్లో కరెంటు తీగలు రెండింటిలో ఒకటి, అంటే న్యూట్రల్, భూమికి కలిపి ఉంటుంది. చాలా ఓడల్లో అలా ఉండదు, రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. ఇంటి కోసం చేసిన సర్జ్ ప్రొటెక్టర్ అక్కడ ఎక్కడైనా తేడా వస్తే వేడెక్కి కాలిపోవచ్చు. 2013లో అమెరికా కోస్ట్‌గార్డ్ దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. మామూలు ఛార్జర్లు, యూఎస్‌బీ అడాప్టర్ సరిపోతాయి. పవర్‌బ్యాంకు చేతి బ్యాగులో పెట్టుకోండి.

ఇక తిండి. ఇంట్లో వండింది ఏదైనా సరే, పులిహోర డబ్బా నుంచి సీసాలో పెట్టిన ఆవకాయ దాకా, గేటు దగ్గర ఆపేస్తారనే అనుకోండి. ఎవరైనా తిని జబ్బు పడితే ఆ నింద ఓడవాళ్ల మీదికి వస్తుంది కదా. కంపెనీ సీలు వేసిన బిస్కెట్లు, చిప్స్ లాంటివి చాలా ఓడల్లో రానిస్తారు. కొన్ని అవి కూడా వద్దంటాయి. పసిబిడ్డ ఆహారానికి, డాక్టరు చెప్పిన ప్రత్యేక ఆహారానికి మినహాయింపు ఉంటుంది, కానీ ముందే చెప్పాలి. పచ్చడి లేకపోతే ముద్ద దిగదు అనేవాళ్లుంటే సీలు తీయని కంపెనీ ప్యాకెట్లు తీసుకోండి. ఉల్లి, వెల్లుల్లి తినకపోతే టికెట్ బుక్ చేసేటప్పుడే రాయించండి. ఓడ ఎక్కాక చెప్తే సాంబారు కూడా దొరక్కపోవచ్చు.

శ్రీవారి లడ్డు దగ్గరే మనసొప్పదు, నాకు తెలుసు. మా మామ ఒకటి చేతి బ్యాగులో పెట్టుకున్నాడు. ప్రసాదం అని చెబితే ఆ గేటులో ఉన్న తమిళాయన నవ్వి వదిలేశాడు. అది రూలు కాదు, ఆయన దయ. డబ్బాల కొద్దీ తీసుకెళ్తే మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. బంధువులకి తిరిగొచ్చాక ఇవ్వడమే మంచిది. వేరే దేశపు రేవులో దిగేటప్పుడు నెయ్యి, పాల సరుకు, పండ్లు ఉంటే ఇంకా చిక్కు. ఆస్ట్రేలియాలో అయితే చెప్పకుండా తెచ్చినందుకు జరిమానా వేస్తారు.

మందు సంగతి మీరు అడగలేదు కానీ మీ బావగారి కోసం చెప్తున్నా: బాటిల్ తెస్తే తీసి దాచిపెట్టి, చాలాచోట్ల చివరి రోజు ఇస్తారు. కొన్ని కంపెనీలు వైన్ ఒక్క బాటిల్ ఒప్పుకుంటాయి. నీళ్ల సీసాలో పోసుకెళ్లే తెలివి వాళ్లకు కొత్త కాదు. పండ్లు కోసే చాకు కూడా వద్దు, 4 అంగుళాలు దాటిన బ్లేడు చాలా ఓడల్లో ఒప్పుకోరు.

వచ్చే ఏడాది సింగపూర్ నుంచి ఎక్కుతాం అన్నారు కాబట్టి ఇదొకటి. అక్కడ చూయింగ్ గమ్, గుట్కా, ఖైనీ, వేప్ (ఈ-సిగరెట్) దేశంలోకే రానివ్వరు. దుబాయ్ అయితే గసగసాలు వద్దు, మసాలా పొడిలో కలిపినా సరే. అక్కడ అది మాదకద్రవ్యాల కేసు.

నాన్నగారి మందులు మాత్రం పెద్ద సూట్‌కేసులో అస్సలు వేయకండి. అది కేబిన్‌కి చేరేసరికి సాయంత్రం బీపీ మాత్ర టైం దాటిపోవచ్చు. మాత్రల్ని స్ట్రిప్పుల్లోంచి తీసి వారం డబ్బాల్లో సర్దకుండా, పేరు కనిపించేలా స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో కలిపి చేతి బ్యాగులో పెట్టండి. ఇన్సులిన్ ఉంటే ఓడ కంపెనీకి ముందే మెయిల్ చేయండి, కేబిన్‌లో ఫ్రిజ్ ఏర్పాటు చేస్తారు, వాడిన సూదులు వేయడానికి డబ్బా కూడా ఇస్తారు.