ఏ మీటకి ఏ విండో?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు లెక్కలు చూస్తుంటాను. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో పొద్దస్తమానం ట్యాలీ, రెండు మూడు ఎక్సెల్ ఫైళ్లు, క్రోమ్‌లో జీఎస్టీ పోర్టల్, తెలుగు ఉత్తరాలకి వర్డ్, వాట్సాప్ తెరిచే ఉంటాయి. ఆల్ట్-ట్యాబ్ నొక్కితే ఒకటనుకుంటే మరొకటి వస్తోంది. మౌస్ ముట్టకుండా మారడానికి మంచి టూల్ చెప్పండి మేడమ్. పవర్‌టాయ్స్ వేసుకోమని మా తమ్ముడు అంటున్నాడు.
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తమ్ముడు చెప్పింది మంచి టూలే. కానీ ముందు విండోస్‌లో ఉన్నదే వాడి చూడండమ్మా, మీ పని చాలావరకు దాంతోనే అయిపోతుంది.

ఆల్ట్-ట్యాబ్ చివరగా వాడిన విండోని ముందు పెడుతుంది. రెండు విండోల మధ్య అటూ ఇటూ తిరగడానికి దాన్ని మించింది లేదు. అయిదారు తెరిస్తే మాత్రం వరస మారిపోతూనే ఉంటుంది, ప్రతిసారీ కళ్లతో వెతుక్కోవాల్సిందే. అందుకే ఏ టూల్ ఎంచుకున్నా నేను మొదట చూసేది, ఒక మీటకి ఎప్పుడూ అదే ప్రోగ్రాం వస్తుందా లేదా అని.

విండోస్ మీటతో అంకె కలిపి నొక్కితే సరిగ్గా అదే జరుగుతుంది. ట్యాలీని టాస్క్‌బార్‌కి, అంటే తెర అడుగున ఉండే పట్టీకి, పిన్ చేసి, లాగి అన్నిటికంటే ముందు పెట్టండి. దాని పక్కన ఎక్సెల్, తర్వాత క్రోమ్, వర్డ్, వాట్సాప్. ఇక విండోస్-1 అంటే ట్యాలీ, విండోస్-2 అంటే ఎక్సెల్. ప్రోగ్రాం మూసి ఉంటే తెరుచుకుంటుంది కూడా. ఎక్సెల్ ఫైళ్లు మూడుంటే విండోస్ మీట వదలకుండా 2 మళ్లీ మళ్లీ నొక్కండి, ఒక్కో ఫైలు మీదికి వెళ్తుంది. కంట్రోల్ కూడా కలిపితే ఆఖరున చూసిన ఫైలే నేరుగా వస్తుంది. అనువాదం చేస్తూ రెండు వర్డ్ ఫైళ్లు ముందేసుకుని కూర్చునే నాకు రోజంతా పనికొచ్చేది ఈ కంట్రోల్ కలిపిన పద్ధతే.

మీకు ఇంకో లాభం ఉంది. ట్యాలీ షార్ట్‌కట్లలో చాలా ఆల్ట్‌తో నడుస్తాయి. ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్-జీ నొక్కితే 'గో టు' వస్తుంది కదా, బయటి టూల్‌కి కూడా అదే మీట పెట్టారనుకోండి, ట్యాలీ దాకా చేరనివ్వకుండా అది లాగేసుకుంటుంది. విండోస్ మీటతో ఈ పేచీ రాదు.

విండోలు పదీ పదిహేను దాటితే అప్పుడు పవర్‌టాయ్స్. మైక్రోసాఫ్ట్‌దే, ఉచితం. అందులో పవర్‌టాయ్స్ రన్ అనే వెతికే పెట్టెని ఆన్ చేసుకుని, ఆల్ట్-స్పేస్ నొక్కి, < గుర్తు పెట్టి, ఫైలు పేరులో నాలుగక్షరాలు కొడితే ఆ విండో దొరుకుతుంది. కానీ తెలుగు టైప్ చేసేవాళ్లకి ఇక్కడో చిక్కు. వర్డ్‌లో ఉత్తరం రాస్తూ రాస్తూ వెతకబోతే ఆ పెట్టెలోనూ తెలుగు అక్షరాలే పడతాయి. ఇంగ్లిష్ పేరున్న ఫైలు ఎక్కడ దొరుకుతుంది? ముందు విండోస్-స్పేస్‌తో ఇంగ్లిష్‌కి మారాలి. అంకెలకి ఆ బెడద లేదు. అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఒక్కో విండోకి విడిగా భాష గుర్తుంచుకునే ఆప్షన్ ఉంది. అది టిక్ చేస్తే వర్డ్‌లో తెలుగు, ట్యాలీలో ఇంగ్లిష్ అలాగే ఉండిపోతాయి.

జీఎస్టీ పోర్టల్ ట్యాబ్‌ని క్రోమ్‌లో మొదటిదిగా పిన్ చేసుకోండి. విండోస్-3, వెంటనే కంట్రోల్-1 నొక్కితే నేరుగా అక్కడే ఉంటారు.